షేడు తప్పిన చొక్కా

వారంలో ఆరు రోజులు నేను పువ్వులు గీస్తాను. సూరత్ చీరల మీద అచ్చయ్యే పువ్వులు. కంప్యూటరు ముందు కూర్చుని ఒక పువ్వు గీసి, దాన్నే అతుకు కనపడకుండా పక్కనా కిందా పేర్చుకుంటూ పోవడం నా ఉద్యోగం. ఈ పనిలో చేరిన కొత్తలో మాకు కంప్యూటర్లు లేవు. ఒక గుజరాతీ మాస్టారు దగ్గర కూర్చుని, పోస్టరు రంగులతో కాగితం మీద కుంచెతో వేసేవాళ్ళం. యంత్రం వచ్చాక కుంచెలు డబ్బాలోకి వెళ్ళిపోయాయి. చాలా ఏళ్ళ తర్వాత, నలభై దాటాక, ఒకరోజు ఆ డబ్బా తెరిచి చూస్తే కుంచెల వెంట్రుకలన్నీ పురుగులు కొట్టేసి ఉన్నాయి. ఎందుకో ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే మూడు కొత్త కుంచెలు, ఒక నీటిరంగుల పెట్టె కొనుక్కున్నాను.

గీయడానికి చోటు కావాలి. సూరత్‌లో, పర్వత్ పాటియాలో మేముండే నాలుగో అంతస్తు కిటికీలోంచి ఎదుటి బిల్డింగు గోడ, దానికి వేలాడే బట్టలు తప్ప ఏమీ కనపడవు. అందుకని ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక స్కూటీ తీసుకుని డుమస్ సముద్రతీరానికి వెళ్ళడం మొదలుపెట్టాను. మొదటిసారి మా ఆయన నవ్వాడు.

"దయ్యాలుంటయంటరు గదనే ఆడ?" అన్నాడు.

"పగటిపూట పండుకుంటయి తియ్," అన్నాను.

డుమస్ గురించి ఊళ్ళో అందరూ అనే మాటే అది. ఒకప్పుడు శవాలు కాల్చిన చోటనీ, అందుకే ఇసుక నల్లబడిందనీ చెప్తారు. అప్పట్లో ఇవన్నీ నేను నవ్వుతూ విన్నాను.

గాలి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. సముద్రం ఒడ్డున బొమ్మ వేయడమంటే సగం పని గాలితోనే. కాగితాన్ని అట్టకు నాలుగు మూలలా క్లిప్పులు పెట్టి బిగించినా మధ్యలో పొట్ట ఉబ్బినట్టు లేచేది. నీళ్ళ డబ్బా దొర్లిపోయేది. ఆకాశానికి రంగు పూసి కుంచె కడిగేలోగా ఆ రంగు ఎండిపోయి, దాని అంచు గీత గీసినట్టు నిలిచిపోయేది. తడి రంగులో ఇసుక వచ్చి అతుక్కునేది. ఇంటికొచ్చి తడిమి చూస్తే నా సముద్రాలన్నీ గరుగ్గా ఉండేవి. మెల్లగా కొన్ని ఉపాయాలు పట్టుబడ్డాయి. సరుగుడు చెట్ల వరసలో ఒక మొదలును అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. అట్టను ఒళ్ళో పెట్టుకుని మోచెయ్యి దాని మీద ఆనించేదాన్ని. చున్నీని తలచుట్టూ, చెవుల మీదుగా గట్టిగా కట్టుకునేదాన్ని. అలా కట్టుకుంటే లోపల హోరు ఒక్కటే ఉండేది. బయటి మాటలేవీ చెవినపడేవి కావు. అది నాకు హాయిగా ఉండేది. ఇంట్లో, ఆఫీసులో నన్ను పిలవని గంట ఉండదు మరి.

ఆ రోజు ఎండాకాలం చివర. వానలింకా రాలేదు గానీ గాలి ముందే వచ్చేసింది. నేను వెళ్ళేసరికి ఆటు. డుమస్‌లో ఆటు వస్తే సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది. మధ్యలో అంతా తడి బురద, అక్కడక్కడ నీళ్ళు నిలిచిన పల్లాలు, వాటిలో తెల్లగా మెరిసే ఆకాశం. భజియాల బళ్ళ దగ్గర జనం ఉన్నారు గానీ, నేను కూర్చున్న వైపు ఎవరూ లేరు. ఆకాశం ఒక పూత, నీళ్ళు ఒక పూత, బురద ఒక పూత వేశాను. బొమ్మంతా అడ్డగీతలే అయింది. ఎక్కడో ఒక నిలువు గీత పడితే బాగుండుననిపించింది. తలెత్తితే అక్కడ ఒక మనిషి ఉన్నాడు.

చాలా దూరంలో ఉన్నాడు. నా చిటికెన వేలి గోరంత. మొహం తెలిసే దూరం కాదు. అతను నీళ్ళ వైపు నడిచి వెళ్ళడం నేను చూడలేదు. నేను చూసేసరికి ఒడ్డు వైపు తిరిగి నిలబడే ఉన్నాడు. చొక్కా విప్పి, రెండు చేతులతో తలమీదకు ఎత్తి పట్టుకున్నాడు. గాలికి అది నిండుగా ఉబ్బి ఊగుతోంది. బూడిదరంగు సముద్రం ముందు ఆ ఒక్క రంగు చూసి నా ప్రాణం లేచొచ్చింది. పసుపూ కాదు, నిమ్మపండూ కాదు. ఆ రెంటి మధ్య, కొంచెం ఆకుపచ్చ జీర కలిసిన రంగు. గాలితో ఆడుకుంటున్నాడనుకున్నాను. చిన్నపిల్లల్లా ఆడే మగవాళ్ళను డుమస్‌లో రోజూ చూడొచ్చు.

కదలకుండా ఇంకొంచెంసేపు నిలబడితే బాగుండునని మనసులో అనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఆ రంగు కలపడానికి మూడుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లు మరీ పచ్చగా వచ్చింది. మూడోసారి కుదిరింది. సన్న కుంచె మొనతో ఒంటికి ఒక గీత, తలకు ఒక చుక్క, చేతులకు రెండు వెంట్రుకల్లాంటి గీతలు, వాటి మీద చొక్కా. తలెత్తి చూశాను. చొక్కా ఇటూ అటూ ఊగుతోంది. మళ్ళీ తల దించి, ఆ ఊపు రావాలని చొక్కా ఒక కొసను పక్కకు లాగాను. అప్పుడు ఒక పెద్ద విసురు గాలి వచ్చి అట్టను ఒళ్ళోంచి ఎగరేసింది. క్లిప్పులు ఊడి కాగితం చెట్లలోకి కొట్టుకుపోయింది. దాని వెనక పరిగెత్తాను. ఒక మొదలుకు అతుక్కున్నట్టే ఉండేది, చెయ్యి చాపితే మళ్ళీ లేచిపోయేది. చివరికి కాలితో తొక్కి పట్టుకున్నాను. మూలన నా చెప్పు ముద్ర పడింది గానీ బొమ్మకు ఏమీ కాలేదు. సంతోషంగా నవ్వుకుంటూ వెనక్కి వచ్చాను.

వచ్చి చూస్తే అతను లేడు. ఇందాకటి బురద కూడా చాలావరకు లేదు. పోటు మొదలైంది. ఒడ్డుకు వచ్చేసి ఉంటాడనుకున్నాను. నిజానికి అంతకూడా అనుకోలేదేమో. నిలువు గీత నా కాగితం మీదికి వచ్చేసింది కదా, ఇక అతనితో నాకు పనిలేదు. మిగతాది పూర్తిచేసి, భజియాలు కట్టించుకుని ఇంటికి వెళ్ళిపోయాను. నేను అప్పటిదాకా వేసినవాటిలో అదే మంచి బొమ్మ. మా ఆయన కూడా మెచ్చుకుని, ముందుగదిలో టీవీ పైన మేకు కొట్టి తగిలించాడు. మూడు వారాలు దాని ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాం.

మా అమ్మ ఇప్పటికీ లింబాయత్‌లోనే, నేను పుట్టి పెరిగిన తెలుగువాళ్ళ గల్లీలోనే ఉంటుంది. సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు లేకపోతే తనకు నిద్ర పట్టదంటుంది. మా నాన్న బతికినన్నాళ్ళూ ఆ గల్లీలోనే వాటి మీద పనిచేశాడు. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం నేను అమ్మ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, గడపలో ఒకామె వచ్చి నిలబడింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. చేతిలో ఫోను.

"అక్కా, జర గీ ఫోటో సూడున్రి. ఈయన్ని ఈ దిక్కు ఏమన్న సూసిన్రా?"

ఫోటోలో మీసాలున్న మామూలు మొహం. ఏదో పెళ్ళిలో తీసింది, పక్కనున్నవాళ్ళ భుజాలు కూడా పడ్డాయి. చూడలేదన్నాను. అమ్మ ఆమెను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. ఆమె నీళ్ళు తాగి మెల్లగా చెప్పింది. వాళ్ళది సిరిసిల్ల పక్క పల్లె. ఎనిమిదేళ్ళ కింద సూరత్ వచ్చారు. జోల్వా దగ్గర బట్టలకు రంగులద్దే మిల్లులో భర్త పని. కూతురు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర చదువుకుంటోంది. మూడు వారాల కింద ఆదివారం, లింబాయత్‌లో దోస్తును కలిసొస్తానని చెప్పి బయల్దేరిన మనిషి తిరిగి రాలేదు. ఫోను బందయింది. ఆ దోస్తు, తన దగ్గరికి అసలు రానే లేదన్నాడు. పోలీసులకు చెప్పారు. వాళ్ళు రాసుకున్నారు.

"మావోళ్ళేమో భివండికి పోయిండంటున్రు. ఆడ ఎవర్నో పెట్టుకున్నడంట. మా ఆడిబిడ్డ గూడ గట్లనే అంటున్నది," అంది. "ఆయన గసొంటోడు కాదు పెద్దమ్మా."

అమ్మ ఏదో ధైర్యం చెప్తోంది. నాకేమీ వినపడలేదు. నా కళ్ళు ఆమె రైక మీద ఉన్నాయి. పాత నీలంరంగు చీర మీదికి కుదరని రంగు అది. పసుపూ కాదు, నిమ్మపండూ కాదు.

"ఈ రైక బట్ట యాడ దొరికింది చెల్లె?" అని అడిగాను.

"మిల్లుల ఇచ్చిన్రక్కా. షేడు తప్పిన లాటంట, యాపారి వద్దన్నడంట. పనోళ్ళకు తలా ఇంత పంచిన్రు. ఆయన అంగి కుట్టిచ్చుకున్నడు, మిగిలిన దాంట్ల నాకు రైకైంది." రైక చెయ్యిని వేళ్ళతో సవరించుకుంది. "ఆ దినం గా అంగే ఏసుకొని పోయిండు."

నేను తల దించి ఇంకో చిక్కుడుకాయ ఒలిచాను. ఆమె మా అమ్మ నంబరు తీసుకుని, తన నంబరు ఇచ్చి, పక్కింటి గడప దగ్గరికి వెళ్ళింది. అదే ప్రశ్న అక్కడ కూడా అడగడం మాకు వినపడుతూనే ఉంది.

ఇంటికి వెళ్ళి బొమ్మ దించాను. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని చూశాను. రంగుల విషయంలో నా కన్ను మోసపోదు. ఇరవై ఏళ్ళుగా నేను తింటున్న తిండి అదే. ఒకే ఎరుపులో పది ఎరుపుల తేడా చెప్పగలను. మిల్లులో ఎంతమందికో ఆ గుడ్డ పంచారు, అతనే అయ్యుండాలని ఏమీ లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, అయ్యుండాలని లేదు. కానీ ఆ బొమ్మలో చొక్కా ఎత్తి పట్టుకున్న చేతులు చూశాక ఆ మాట నిలవలేదు. ఆడుకునేవాడు ఎందుకు ఒక్కచోటే నిలబడతాడు? చొక్కాను గాలివాటుకు వదలకుండా, గాలికి ఎదురుగా అటూ ఇటూ ఎందుకు ఊపుతాడు? ఆ ఊపు నేనే చూశాను. అది బాగుందని కుంచెతో లాగాను కూడా.

బొమ్మను బీరువా మీద, పాత కేలండర్ల కింద పెట్టేశాను. మేకు మాత్రం గోడకు ఉండిపోయింది. "ఏది బొమ్మ?" అని మా ఆయన అడిగితే అద్దం వేయించి ఫ్రేము కట్టిస్తానన్నాను.

ఆ తర్వాత నెలన్నర నేనెలా గడిపానో సరిగ్గా చెప్పలేను. ఆదివారాలు డుమస్ మానేశాను. ఆఫీసులో పువ్వుల మధ్య ఖాళీలు పెద్దవవుతున్నాయని మా సేఠ్ రెండుసార్లు అన్నాడు. పర్వత్ పాటియా చౌరస్తాలో చీరల మూటలు మోసే మగవాళ్ళు చెమటకు చొక్కా విప్పి భుజాన వేసుకుంటారు. ఆ కదలిక కంట పడితే చాలు, స్కూటీ పక్కకు ఆపేసేదాన్ని. ఎదుటి బిల్డింగులో ఎవరో ఒకరోజు నిమ్మపండు రంగు దుప్పటి ఆరేశారు. అది ఎండిపోయి, వాళ్ళు తీసుకునేదాకా నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. నిద్రలో అతను రాలేదు. వస్తే కొంత నయంగా ఉండేదేమో. మెలకువలో, అన్నం కలుపుతుంటే, ఫోను మాట్లాడుతుంటే, కంటి చివర ఏదో పచ్చగా ఊగేది. తల తిప్పితే ఏమీ ఉండేది కాదు.

అమ్మే పట్టుకుంది.

"గా పిల్ల ఒచ్చిపోయిన కాడికెల్లి సూస్తున్న. ఏందే నీకు? కూడు సయిస్తలేదా?"

చెప్పేశాను. అమ్మ పొయ్యి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, నా ఎదురుగా కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"ఆమెకు చెప్పినవా?"

"లే."

"ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె అమ్మా? నీ మొగడు మునుగుతుంటె నేను రంగులు కలుపుకుంట కూసున్ననని చెప్పాల్నా?"

"గదే చెప్పు," అంది అమ్మ. "ఆమె దినాం గడపలు ఎక్కి దిగుతున్నది. మొగడు ఇడిసిపెట్టి పోయిండని లోకమంత అంటుంటె తల దించుకొని తిరుగుతున్నది. నీకు సిగ్గయితదని ఆమె ఎన్ని దినాలు గట్ల తిరగాలె?"

మరుసటి ఆదివారం బొమ్మను పాత చీరలో చుట్టుకుని జోల్వా వెళ్ళాను. వానలు పడుతున్నాయి. వరసగా కట్టిన గదుల్లో ఆమెది చివరిది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఏదో కబురు తెచ్చానని ఆమె మొహం ఒక్కసారిగా విప్పారింది. ఆ విప్పారడం నేను జన్మలో మరిచిపోలేను. చాప పరిచి, టీ పెడతానంది. ముందు కూర్చోమన్నాను.

ఏ మాటతో మొదలుపెట్టానో గుర్తులేదు. చీర విప్పి బొమ్మను చాప మీద పెట్టాను. ఆమె ముందు సముద్రాన్ని చూసింది, తర్వాత నా మొహం చూసింది. నేను వేలు పెట్టి చూపించాను. ఆమె వంగి, కాగితానికి జానెడు దూరంలో మొహం పెట్టి చూసింది. చూస్తూనే తన రైక చెయ్యిని గుప్పిట్లో పట్టుకుంది.

"గిది యాడ?"

"డుమస్. సముద్రం కాడ. గా ఆదివారమే."

"సముద్రమా!" అంది. తర్వాత తనలో తను మాట్లాడుకున్నట్టు అంది. "ఎనిమిదేండ్లయింది ఒచ్చి, సముద్రం సూడలేదని అంటుండె. ఒకసారి నన్ను తోల్కపోతనన్నడు. తొవ్వ ఎట్లనో సూసొద్దామని ముందుగాల ఒక్కడే పోయిండేమో."

నేను బోరున ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"మొఖం ఎటు ఉండె అక్కా? నీళ్ళ దిక్కా, ఒడ్డు దిక్కా?"

"ఒడ్డు దిక్కు."

"అంగి గట్ల పట్టుకున్నడేంది?"

అబద్ధం ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. గాలికి ఆరబెట్టుకుంటున్నాడని చెప్పొచ్చు. కానీ అమ్మ మాట గుర్తొచ్చింది.

"ఊపిండు. నేను ఆట అనుకున్న."

"నువ్వు ఒర్రలేదా? ఎవర్నన్న పిలువలేదా?"

"లే. గీస్తుంటి."

వాన రేకుల మీద పడుతోంది. ఆమె నన్ను తిట్టలేదు, కొట్టలేదు. లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడి, నాకు వీపు పెట్టి బయటికి చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి, అటే తిరిగి అంది.

"ఇడిసిపెట్టి పోలే. గంతే గద?"

"పోలే," అన్నాను.

"ఇగ నువ్వు పో అక్కా."

నాలుగో రోజు తనే ఫోను చేసి, ఆ చోటు చూపించమంది. స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని డుమస్ తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఆమె నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు, సీటు వెనక కమ్మీని పట్టుకుంది. నేను కూర్చున్న చెట్టు చూపించాను. అతను నిలబడిన వైపు చూపించాను. అప్పుడు పోటు. చూపించడానికి నీళ్ళు తప్ప ఏమీ లేవు. గాలికి ఆమె కొంగు మొహానికి కొట్టుకుంటున్నా పక్కకు తీసుకోలేదు. భజియాల బళ్ళ పక్కన మొక్కజొన్న కండెలు కాల్చే ముసలామె మమ్మల్ని చూసి వచ్చింది. సంగతి విని చేత్తో నీళ్ళలో ఒక వంపు గీసి చూపించింది. "పానీ పాఛళ్‌థీ ఆవే, బెన్," అంది. నీళ్ళు ఎదురుగా రావట, వెనకనుంచి వస్తాయట. ఒడ్డుకీ మనిషికీ మధ్యనున్న పల్లం ముందు నిండుతుందట. కొత్తవాళ్ళకు అది తెలియదట.

ఆమె అంతా విని, నా వైపు తిరిగి ఒకే మాట అడిగింది. "నువ్వు ఒర్రితే ఆయనకు ఇనవడేదా?"

తెలియదన్నాను. ఆ గాలిలో వినపడదని చెప్పి ఉండొచ్చు. కానీ నేను అరిస్తే మొక్కజొన్న ముసలామెకైనా వినపడేది. ఆమె ఇంకొకరిని పిలిచేది. ఆ ముక్క కూడా చెప్పాను. ఆమె తలూపింది.

ఇద్దరం పోలీసు స్టేషనుకు వెళ్ళాం. నేను చెప్పింది వాళ్ళు గుజరాతీలో రాసుకుని, మొహం చూశారా అని రెండుసార్లు అడిగి, సంతకం పెట్టించుకున్నారు. శవం దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. కానీ కులపెద్దలు బొమ్మను చూశారు, రైకను చూశారు. భివండి మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. శవం లేనప్పుడు దర్భలతో మనిషి రూపం కట్టి దహనం చేస్తారని ఊరి నుంచి వచ్చిన అయ్యగారు చెప్పాడు. తాపీ నది ఒడ్డున అలాగే చేశారు. నేను దూరంగా నిలబడ్డాను. రమ్మని ఎవరూ పిలవలేదు, పొమ్మనీ అనలేదు. అమ్మ మాత్రం ముందుకెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

వానలు వెనకబట్టాక నేను మళ్ళీ డుమస్ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, వెళ్ళకపోతే ఇంక దేనికీ కుంచె పట్టలేననిపించింది. చెవులకు చున్నీ కట్టుకోలేదు. సగం బొమ్మ కూడా కాలేదు, దూరంగా బురదలో నలుగురు కాలేజీ పిల్లలు చేతులెత్తి ఊపడం కనిపించింది. అట్ట పడేసి పరిగెత్తాను. "వాపస్ ఆవో! బాహర్ ఆవో!" అని గొంతు చీరిపోయేలా అరిచాను. వాళ్ళు ఫోనుకు వీడియో తీసుకుంటున్నారు. నన్ను చూసి నవ్వి, నన్ను కూడా వీడియో తీశారు. వాళ్ళు ఒడ్డెక్కేదాకా నేను అరుపు ఆపలేదు. రెండు రోజులు నాకు గొంతు పెగల్లేదు. ఆఫీసులో సైగలతో పని గడిపాను.

ఏడాది తిరిగాక, మాసికాలన్నీ అయిపోయాక, ఒక పొద్దున ఆమె ఫోను వచ్చింది. బొమ్మ ఆమె దగ్గరే ఉంది. పెద్దలకు చూపించడానికి తీసుకున్నది నేను తిరిగి అడగలేదు.

"నీ రంగులు పట్టుకొని ఒకసారి వస్తవా?" అంది. అక్కా అనలేదు.

ఆ ఆదివారం వెళ్ళాను. అదే గది. బట్టలు మడతపెట్టే ఖాతాలో, అంటే చిన్న కార్ఖానాలో, పనికి కుదిరిందట, వేళ్ళ చివర్లు అరిగి ఉన్నాయి. బొమ్మ గోడకు, దేవుడి పటాల పక్కన ఉంది. ఆమె దాన్ని దించి నా ముందు పెట్టింది.

"ఈయన్ని తీసెయ్," అంది.

నాకు అర్థం కాలేదు.

"నీళ్ళు ఉంచు, మబ్బు ఉంచు. ఈయన్ని తీసెయ్. పొద్దుగాల లేస్తె గదే కండ్లవడ్తది. అంగి పట్టుకొని ఎన్ని దినాలు గట్ల నిలవడాలె? చేతులు గుంజయా?"

నీటిరంగును పూర్తిగా చెరపలేమనీ, మీద ఇంకో రంగు వేస్తే కింది రంగు కనపడుతూనే ఉంటుందనీ చెప్పాను. తడి కుంచెతో మెల్లగా రుద్ది లేపితే కొంత వస్తుంది, మరక మిగులుతుంది అన్నాను.

"అయినంత తియ్," అంది.

స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చి పెట్టింది. కుంచె తడిపాను. ముందు తల చుక్కను తడిపి గుడ్డతో అద్దాను. తర్వాత ఒళ్ళు. తర్వాత వెంట్రుకల్లాంటి ఆ రెండు చేతులు. అవి తేలిగ్గా లేచొచ్చాయి. చొక్కా రాలేదు. పసుపు రంగు కాగితం లోపలికి ఇంకి ఉంది. తడిపి అద్దాను, మళ్ళీ తడిపి అద్దాను, కాగితం నూగు లేచేదాకా రుద్దాను. తెల్ల గుడ్డ మీద పచ్చటి మచ్చలు పడుతున్నాయి. నేను ఏం చేస్తున్నానో నాకు తెలుస్తూనే ఉంది. ఎదురుగా కూర్చుని ఆమె కళ్ళార్పకుండా చూసింది. ఆపమని ఒక్కసారి కూడా అనలేదు. చివరికి కొంచెం బూడిదరంగు కలిపి, అతను నిలబడిన చోట నీళ్ళు వేశాను.

ఎండాక చూస్తే, నీళ్ళ మీద ఎక్కడో కాస్త ఎండ పడినట్టు ఒక పల్చటి మరక మిగిలింది. తెలియనివాళ్ళు అలాగే అనుకుంటారు.

ఆమె బొమ్మను ఎత్తి, తలుపు దగ్గర వెలుతురుకు పట్టుకుంది. అతని చోటును బొటనవేలితో తడిమింది. ఎక్కడో అంటుకున్న ఇసుక రేణువు ఒకటి గోటికి తగిలితే దాన్ని గీకి, చీరకు తుడుచుకుంది.

"ఇగ చాలు," అంది.

బొమ్మను గోడకు పెట్టలేదు. పెట్టె తెరిచి చీరల మధ్య దాచింది. తర్వాత స్టవ్ వెలిగించి, అడగకుండానే రెండు టీలు పెట్టింది. కూతురు వచ్చే ఏడు ఇక్కడికే వస్తుందనీ, హిందీ బడిలో వెయ్యాలో గుజరాతీ బడిలో వెయ్యాలో తెలియడం లేదనీ చెప్పింది. నాకు తెలిసినంత చెప్పాను. టీ తాగి, కుంచెలు కడుక్కుని లేచాను. నేను రోడ్డెక్కేదాకా ఆమె గడపలో నిలబడి ఉంది. నేను తిరిగి చూసినప్పుడు చెయ్యి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.